నల్లని అద్దంలా మెరిసే స్పీకర్లను గీత పడకుండా శుభ్రం చేయడం ఎలా?

నిగనిగలాడే పూత ఉన్న స్పీకర్లు ఇంటికి వచ్చిన కొత్తలో వాటిమీద పిసరంత దుమ్ము కనబడినా మనసు ఊరుకోదు. చేతికందిన గుడ్డ తీసుకుని వెంటనే తుడిచేస్తాం. నేనూ అలాగే చేశాను. ఉతికి ఆరబెట్టిన మెత్తని నూలు గుడ్డతో, రోజు విడిచి రోజు, ఎంతో ఇష్టంగా తుడిచాను. నాలుగైదు నెలలు గడిచాక ఒక సాయంత్రం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడినప్పుడు, స్పీకరు పైభాగమంతా సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు కనిపించాయి. ఆ దుమ్మును నేను అలాగే వదిలేసి ఉంటే ఒక్క గీత కూడా పడేది కాదు. దాన్ని పూతమీద వేసి రుద్దింది నా చెయ్యే. అందువల్ల ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి అంతా ఒక్క సూత్రం చుట్టూ తిరుగుతుంది: దుమ్మును రుద్దకూడదు, పైకి లేపి తీయాలి, తీయవలసిన అవసరం లేనప్పుడు పూతను ముట్టుకోకూడదు.

పూత ఎందుకు గీసుకుపోతుంది?

పద్ధతిలోకి వెళ్ళేముందు ఈ సంగతి కొంచెం వివరంగా తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే కారణం తెలిసినవారు కొత్త పరిస్థితి ఎదురైనప్పుడు తామే సరైన నిర్ణయం తీసుకోగలరు.

మంచి స్పీకర్ల పెట్టెలు ఎక్కువగా ఎండీఎఫ్ పలకలతో, అంటే కలప నారను జిగురుతో కలిపి వేడిలో గట్టిగా అదిమి చేసిన పలకలతో తయారవుతాయి. ఆ పలకమీద ముందుగా ప్రైమర్, దానిమీద రంగు గాని సన్నని అసలు కలప పొర గాని, ఆపైన ల్యాకర్ అనే గట్టి పూత పలుమార్లు వేస్తారు. పూత ఆరిన తర్వాత దాన్ని మరింత మరింత సన్నని ఉప్పు కాగితాలతో నునుపు చేసి, చివరగా తిరిగే మెత్తని చక్రాలతో మెరుగుపెడతారు. నల్లగా మెరిసే ఈ పూతను పియానో బ్లాక్ అంటారు, ఆ పేరుకు తగ్గట్టు ఇది పియానోల తయారీదారులు చేసే పనే. యమహా సంస్థ తన ఎన్ఎస్-5000 స్పీకర్లకు తన గ్రాండ్ పియానోలకు వేసే నల్లని పూతనే వేస్తుంది. మనకు కనిపించే మెరుపు ఆ పూత పై ఉపరితలం నునుపుదనం తప్ప మరొకటి కాదు. అది నునుపుగా ఉన్నంతకాలం వెలుగు అద్దంమీద నుంచి వచ్చినట్టు ఒకే దిశలో తిరిగివస్తుంది, గీత పడిన చోట దాని అంచులు వెలుగును చెదరగొడతాయి. వెనుక నలుపు ఉంటే ఆ చెదిరిన వెలుగు తెల్లని దారంలా కనిపిస్తుంది. అదే గీత తెల్లని పెట్టెమీదనో మెరుపు లేని పెట్టెమీదనో పడితే అంతగా కంటికి ఆనదు.

ఇక గీతను పెట్టేది ఏమిటంటే, ఇంటి దుమ్ములో బట్టల పీచు, చర్మపు పొట్టుతోపాటు బయటినుంచి వచ్చిన సన్నని ఇసుక కూడా ఉంటుంది. ఇసుకలో ప్రధానంగా ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం, పదార్థాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో, 7. మామూలు ఉక్కు కత్తి సుమారు 5.5 దగ్గర, మన గోరు సుమారు 2.5 దగ్గర ఉంటాయి. స్పీకరు పూత పాలియెస్టర్ రకమైనా పాలియురేథేన్ రకమైనా క్వార్ట్జ్ ముందు చాలా మెత్తని పదార్థం. గుడ్డ ఎంత మెత్తనిదైనా, దాని కింద ఒక్క ఇసుక రేణువు చిక్కితే ఆ గుడ్డ ఉప్పు కాగితమే అవుతుంది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. పొడి గుడ్డతో రుద్దినప్పుడు పూతమీద స్థిర విద్యుత్తు పుడుతుంది, అది గాలిలో తేలే దుమ్మును తనవైపు లాక్కుంటుంది. ఉదయం గట్టిగా తుడిచిన స్పీకరుమీద సాయంత్రానికే మళ్ళీ దుమ్ము కనిపించడానికి చాలాసార్లు ఇదే కారణం. మళ్ళీ తుడుస్తాం, మళ్ళీ చేరుతుంది, ప్రతిసారీ నాలుగు గీతలు మిగులుతాయి.

మొదటి మెట్టు: మీ స్పీకరుమీద ఉన్న పూత ఏదో తెలుసుకోండి

స్పీకరుతో వచ్చిన పుస్తకంలో శుభ్రం చేసే విధానం గురించి ఒక పేరా అయినా ఉంటుంది. ముందు దాన్ని చదవండి. అక్కడ చెప్పినదానికీ ఇక్కడ చెప్పినదానికీ తేడా వస్తే పుస్తకంలో ఉన్నదే పాటించండి. అందులో ఏమీ లేకపోతే తయారీ సంస్థకు రాసి, పూత పాలియెస్టరా, పాలియురేథేనా, యాక్రిలిక్కా, లేక వినైల్ పొరా అని అడగండి.

ఈ తేడా ఎందుకంటే, పాలియెస్టర్, రెండు పాళ్ళు కలిపి వేసే పాలియురేథేన్ పూతలు రసాయన చర్యతో గట్టిపడతాయి కాబట్టి ఒకసారి గట్టిపడ్డాక ద్రావకాలకు అంత సులువుగా లొంగవు. పాత స్పీకర్లమీద కనిపించే నైట్రోసెల్యులోజ్ ల్యాకర్ అలాంటిది కాదు. అది కేవలం ద్రావకం ఆవిరైపోవడంవల్ల ఆరుతుంది, అందుచేత అటువంటి ద్రావకం మళ్ళీ తగిలితే మెత్తబడి కరుగుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ పసుపురంగుకు కూడా తిరుగుతుంది. ఇక మెరిసే వినైల్ పొర అసలు పూతే కాదు, పలకమీద అతికించిన ప్లాస్టిక్ రేకు. పెట్టె వెనుకవైపు అంచుల దగ్గర జాగ్రత్తగా చూస్తే రేకు మడత గాని అతుకు గాని కనిపిస్తుంది. దాన్ని తుడవడానికి కింద చెప్పే పద్ధతి సరిపోతుంది గాని, గీతలు తీసే పాలిష్ జోలికి మాత్రం వెళ్ళకూడదు.

కొత్త స్పీకర్లు పెట్టెలోంచి తీసేటప్పుడు కొన్నిటిమీద పల్చని రక్షణ పొర అంటించి ఉంటుంది. పూత భద్రంగా ఉంటుందని దాన్ని నెలల తరబడి అలాగే ఉంచేవారున్నారు. దాని జిగురు కాలక్రమంలో గట్టిపడి వదలకుండా పోతుంది కాబట్టి, స్పీకరును దాని స్థానంలో నిలబెట్టిన రోజే ఆ పొరను ఒక మూల నుంచి మెల్లగా, వెనక్కి మడిచినట్టు లాగి తీసేయండి.

రెండవ మెట్టు: కావలసిన వస్తువులు సిద్ధం చేసుకోండి

కావలసినవి కొద్దే. కెమెరా లెన్సులమీద దుమ్ము ఊదడానికి వాడే రబ్బరు బ్లోయర్ ఒకటి. పొడవైన, దట్టమైన పోగులున్న మైక్రోఫైబర్ గుడ్డలు కనీసం నాలుగు. డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా. రంగూ బ్లీచూ లేని గాఢత తక్కువ పాత్రల సబ్బు ద్రవం. చిన్న ఎల్ఈడీ టార్చి.

గుడ్డల ఎంపికలో పిసినారితనం పనికిరాదని నా అభిప్రాయం. మైక్రోఫైబర్ అంటే పాలియెస్టర్, పాలిఅమైడ్ కలిపి తీసిన అతి సన్నని పోగు. నాణ్యమైన గుడ్డలో ఆ పోగు చీలికలు చీలికలుగా ఉండి, దుమ్ము రేణువును పైకి లాగి తన పోగుల లోతుల్లో దాచుకుంటుంది. మందం తక్కువైన, నున్నగా నేసిన గుడ్డలో రేణువు దాగే చోటు ఉండదు, అది పూతకూ గుడ్డకూ మధ్యనే నలుగుతుంది. గుడ్డ అంచున గట్టి కుట్టు ఉంటే అది కూడా గీత పెడుతుంది, అందువల్ల అంచు కుట్టులేని గుడ్డలు తీసుకోండి. మూలన ఉండే చీటీని వాడకముందే కత్తిరించేయండి. కొత్త గుడ్డలను కూడా ఒకసారి ఉతికాకే వాడాలి. ఉతికేటప్పుడు నూలు బట్టలతో కలిపితే వాటి నూగు దీనికి పట్టుకుంటుంది, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేస్తే పోగులకు జిడ్డుపొర పట్టి దుమ్మును పట్టే గుణం పోతుంది, ఎక్కువ వేడిలో ఆరబెడితే పోగుల కొనలు కరిగి గరుకవుతాయి. నేలమీద పడిన గుడ్డను దులిపి మళ్ళీ స్పీకరుమీద పెట్టకండి. అది ఆ పూటకు పనికిరాదు.

మామూలు కుళాయి నీటికి బదులు డిస్టిల్డ్ వాటర్ ఎందుకంటే, కుళాయి నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీరు ఆరాక తెల్లని చుక్కలుగా మిగులుతాయి. నలుపుమీద అవి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

వాడకూడని వాటి పట్టిక ఇంకా పొడవైనది. టిష్యూ కాగితం, వంటింటి కాగితపు తువ్వాలు, పాత వార్తాపత్రిక ఇవన్నీ కలప నారతో చేసినవి, మెరిసే పూతకు గరుకు. గాజు తుడిచే ద్రవాల్లో చాలావాటిలో అమ్మోనియా గాని ఆల్కహాలు గాని ఉంటుంది, అవి పూతను మసకబరచగలవు. అసిటోన్, థిన్నర్ సంగతి చెప్పనక్కరలేదు. గోడమీది మరకలు తీసే తెల్లని మెలమైన్ స్పాంజిని చూసి మెత్తగా ఉంది కదా అని మోసపోయేవారు చాలామంది. అది నిజానికి అతి సన్నని ఉప్పు కాగితం లాగే పనిచేస్తుంది, ఒక్కసారి రుద్దితే ఆ చోట మెరుపు పోయి బూడిదరంగు మచ్చ మిగులుతుంది. ఫర్నిచర్‌కు కొట్టే సిలికోన్ స్ప్రేలు వాడిన రోజు బాగానే మెరిపిస్తాయి గాని, ఎప్పుడైనా పూతను బాగుచేయించవలసి వస్తే ఆ సిలికోన్ కొత్త పూతను అంటుకోనీయక గుంటలు గుంటలుగా విరగ్గొడుతుంది.

మూడవ మెట్టు: మిమ్మల్నీ, స్పీకరునూ సిద్ధం చేసుకోండి

యాంప్లిఫయర్‌ను ఆపేయండి. లోపలే యాంప్లిఫయర్ ఉన్న స్పీకర్లయితే కరెంటు తీగను కూడా తీసేయండి. ఉంగరాలు, చేతి గడియారం, గాజులు తీసి పక్కన పెట్టండి. బెల్టు బకిలు, చొక్కా గుండీలు కూడా వంగినప్పుడు పెట్టెకు తగిలే ఎత్తులోనే ఉంటాయని మరచిపోకండి. చేతులు కడుక్కుని పూర్తిగా ఆరనివ్వండి.

ముందువైపు జల్లెడలా కప్పి ఉండే గ్రిల్‌ను పైభాగం, పక్కలు శుభ్రమయ్యేవరకు అలాగే ఉంచడం మంచిది, దానివల్ల కదులుతూ ధ్వని పుట్టించే స్పీకరు కోన్‌లకు చెయ్యి తగిలే ప్రమాదం ఉండదు. తర్వాత ముందు పలక శుభ్రం చేయడానికి దాన్ని తీసేటప్పుడు పక్కకు జరపకుండా నేరుగా ముందుకు లాగి తీయండి. అయస్కాంతంతో అంటుకునే గ్రిల్‌ను జరిపితే దాని చట్రం పూతమీద గీసుకుంటూ వెళుతుంది.

నాలుగవ మెట్టు: ముందు గాలి, తర్వాతే గుడ్డ

రబ్బరు బ్లోయర్‌తో పైనుంచి కిందికి, ఒక అంచునుంచి రెండవ అంచుకు దుమ్మును ఊదండి. వదులుగా ఉన్న ఇసుక రేణువుల్లో చాలా భాగం ఇక్కడే పోతుంది. ఇలా గాలితో పోయిన రేణువు పూతమీద ఏ గుర్తూ మిగల్చదు, అందుకే ఈ మెట్టును తొందరలో దాటేయకూడదు. వారానికి ఒకసారి ఊదుతూ ఉంటే గుడ్డ పట్టవలసిన అవసరం నెలకో రెండు నెలలకో ఒకసారి మాత్రమే వస్తుంది.

డబ్బాల్లో వచ్చే ఒత్తిడి గాలిని దీనికి వాడకండి. డబ్బా వంగినప్పుడు లోపలి ద్రవం చల్లగా చిమ్ముకొచ్చి పూతమీద మచ్చ చేయవచ్చు, ఆ ఒత్తిడికి, హెచ్చు స్థాయి ధ్వనులను పలికించే చిన్న ట్వీటర్ గుమ్మటం సొట్టపోవచ్చు. నోటితో ఊదితే తుంపరలు పడతాయి. వాక్యూమ్ క్లీనర్‌ను స్పీకరు కోన్‌ల దరిదాపులకు రానివ్వకండి.

ఐదవ మెట్టు: తడి గుడ్డతో లేపడం

ఒక మైక్రోఫైబర్ గుడ్డను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, ఇక ఒక్క చుక్క కూడా రాదనేంత గట్టిగా పిండండి. తర్వాత దాన్ని సగానికి, మళ్ళీ సగానికి మడవండి. ఇలా మడిచిన గుడ్డను తిప్పి, విప్పి మళ్ళీ మడుచుకుంటూ పోతే మొత్తం ఎనిమిది శుభ్రమైన ముఖాలు దొరుకుతాయి. పెద్ద స్పీకరులో ఒక పక్క తుడవడానికి నేను ఎనిమిదింటినీ వాడతాను.

గుడ్డను పూతమీద ఉంచి, దాని బరువుకు మించి ఒత్తిడి పెట్టకుండా, ఒకే దిశలో, నేరుగా, ఒక అంచునుంచి మరో అంచుదాకా లాగండి. అంచు చేరాక గుడ్డను పైకి ఎత్తండి. అదే దారిలో వెనక్కి తేకండి, ఎందుకంటే వెళ్ళేటప్పుడు ముందుకు తోసుకుపోయిన దుమ్మంతా గుడ్డ అంచున పోగై ఉంటుంది, వెనక్కి తెస్తే దాన్ని శుభ్రమైన చోట మళ్ళీ పరిచినట్టే. నాలుగైదు లాగుళ్ళకు ఒకసారి గుడ్డ ముఖం మార్చండి.

గుండ్రంగా తిప్పుతూ తుడవడం చాలామందికి చేతికి అలవాటైన పని. ఇక్కడ ఆ అలవాటును పూర్తిగా మానుకోవాలి. ఎంత శ్రద్ధ తీసుకున్నా ఎప్పుడో ఒక రేణువు గీత పెట్టకమానదు; ఆ గీత తిన్నగా ఉంటే వెలుగు ఒక ప్రత్యేకమైన కోణంలో పడినప్పుడే కనిపిస్తుంది, అదే గుండ్రని గీత అయితే వెలుగు ఏవైపు నుంచి వచ్చినా దానిలో ఏదో ఒక భాగం మెరుస్తుంది. దీపం చుట్టూ సాలెగూడులా కనిపించే గీతలు చాలావరకు ఇలా పుట్టినవే.

తడి గుడ్డ వెళ్ళిన వెంటనే, అది మిగిల్చిన పల్చని తేమను రెండవ పొడి గుడ్డతో అదే దిశలో, అంతే తేలికగా తుడవండి. ఒక పలక పూర్తయ్యాకే రెండవ పలకకు వెళ్ళండి. నేలకు దగ్గరగా ఉండే అడుగుభాగాన్ని చివరికి ఉంచండి, ఇసుక ఎక్కువగా చేరేది అక్కడే. ఆ గుడ్డను అక్కడినుంచి మళ్ళీ పైకి తేవద్దు.

ద్రవాన్ని నేరుగా పెట్టెమీద ఎప్పుడూ చిమ్మకండి. అది కోన్‌ల చుట్టూ ఉన్న సందుల్లోకి, వెనుక ఉన్న తీగల బిగింపుల్లోకి, పలకల అతుకుల్లోకి దిగుతుంది. ఎండీఎఫ్ నీరు తాగితే ఉబ్బుతుంది, ఉబ్బిన తర్వాత పూర్వపు ఆకారానికి రాదు, దాని పైనున్న పూత ఆ ఉబ్బును దాచలేదు.

వేలిముద్రలు, జిడ్డు, జిగురు

వేలిముద్రకు ఏ ద్రవమూ అక్కరలేదు. దానిమీద దగ్గరగా నోటితో వెచ్చని ఊపిరి వదిలితే పల్చని మంచులా ఆవిరి పడుతుంది, ఆ ఆవిరి ఆరేలోపు పొడి మైక్రోఫైబర్‌తో ఒక్కసారి నేరుగా తుడిస్తే చాలు. అయితే ఆ చోట దుమ్ము లేకుండా ముందే గాలి ఊది ఉండాలి. వేలిముద్రలను రోజుల తరబడి వదిలేయకండి. చెమటలోని లవణాలు, చర్మపు నూనె ఎంత ఆరిపోతే అంత గట్టిగా తుడవవలసి వస్తుంది.

వంటింటి ఆవిరి గాని సిగరెట్టు పొగ గాని చేరి జిడ్డుపొర పట్టినట్టయితే, ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు చుక్కల సబ్బు ద్రవం కలిపి, దానిలో ముంచి పిండిన గుడ్డతో ఐదవ మెట్టులో చెప్పినట్టే తుడవండి. తర్వాత సబ్బు లేని తడి గుడ్డ, ఆపైన పొడి గుడ్డ. ఎండిపోయిన మరక వదలకపోతే బలం పెంచకండి. తడి గుడ్డను మరకమీద ఒకటి రెండు నిమిషాలు పరిచి ఉంచితే అదే నానుతుంది. పలకల అతుకుల దగ్గర మాత్రం ఇలా ఉంచకూడదు.

ధర చీటీలు గాని స్టిక్కర్లు గాని మిగిల్చిన జిగురుకు అదే చీటీ జిగురు వైపును మళ్ళీ మళ్ళీ అద్ది లాగండి, సగానికి పైగా దానితోనే వస్తుంది. మిగిలినదాన్ని సబ్బు నీటితో నానబెట్టి వేలి కొనతో ఉండలుగా దొర్లించండి. బ్లేడుతో గీకే ఆలోచన అసలు రానివ్వకండి.

ముందు పలక, కోన్‌ల చుట్టూ

గ్రిల్ తీశాక మీ దృష్టి పూతమీద కంటే కోన్‌లమీద ఎక్కువగా ఉండాలి. ఫోకల్ సంస్థ యుటోపియా శ్రేణిలో ట్వీటర్ గుమ్మటం బెరీలియంతో, బోవర్స్ అండ్ విల్కిన్స్ 800 శ్రేణి డైమండ్ స్పీకర్లలో కృత్రిమ వజ్రంతో చేసి ఉంటుంది. రెండూ అతి పల్చని, పెళుసైన రేకులు. బెరీలియం గుమ్మటం పగిలితే దాని పొడి పీల్చడం ఆరోగ్యానికి హానికరం కూడా, కాబట్టి పగిలిన ముక్కలను మీరు ముట్టుకోకుండా తయారీ సంస్థ సూచన తీసుకోవాలి. ట్వీటర్‌ను గుడ్డతో గాని కుంచెతో గాని తాకవద్దు. దానిచుట్టూ రెండు వేళ్ళ దూరం విడిచిపెట్టి, గుడ్డను ఎప్పుడూ ట్వీటర్ నుంచి బయటికి లాగేలా పట్టుకోండి. కోన్‌ల అంచునుండే రబ్బరు వలయాలకు పాలిష్ గాని మైనం గాని తగలనివ్వకండి.

పడిపోయిన గీతలను ఏం చేయాలి?

గది దీపాలు ఆపి, టార్చి వెలుగును పూతకు దాదాపు సమాంతరంగా వేసి చూడండి. గీత కనిపించిన చోట గోటిని దానికి అడ్డంగా చాలా మెల్లగా జరపండి. గోరు గీతలో తట్టుకుంటే అది లోతైనది, ఇంట్లో దానిమీద చెయ్యి చేసుకోకండి. ఫర్నిచర్ లేదా పియానో పూతలు బాగుచేసే నిపుణులకు చూపించండి. గోటికి తెలియని సన్నని గీతలను మాత్రం మీరే తగ్గించుకోవచ్చు.

ఇక్కడ రెండు రకాల సరుకుల మధ్య తేడా తెలియాలి. కొన్ని సరుకులు గీతలను నూనెలతో, మైనాలతో నింపి కనబడకుండా చేస్తాయి, నాలుగు వారాలకు గీతలు మళ్ళీ తేలతాయి. మరికొన్ని సరుకులు గీత చుట్టూ ఉన్న పూతను రవ్వంత అరగదీసి ఉపరితలాన్ని గీత అడుగుకు దించుతాయి. రెండవది నిజమైన మరమ్మత్తే గాని, ప్రతిసారీ పూత కొంత తరుగుతుంది, తరిగినది తిరిగి రాదు. అందువల్ల మొదటి సంవత్సరంలోనే ప్రతి చిన్న గీతకూ పాలిష్ పట్టే అలవాటును నేను సమర్థించను. కూర్చున్న చోటునుంచి, మామూలు వెలుగులో కనిపించని గీతను అలాగే ఉండనివ్వండి.

పాలిష్ చేయాలనే నిర్ణయించుకుంటే, ఫినిషింగ్ పాలిష్ అని రాసి ఉన్న, అన్నిటికంటే తక్కువ అరగదీసే రకాన్నే తీసుకోండి. పెట్టె వెనుకవైపు, కింది మూలన మొదట ప్రయత్నించి, మరునాడు పగటి వెలుగులో ఆ చోటును చూడండి. అక్కడ మసక గాని రంగు తేడా గాని లేదంటేనే ముందుకు వెళ్ళండి. పెట్టె అంచులమీద, మూలలమీద పూత సహజంగా పల్చగా ఉంటుంది, అక్కడ నాలుగు రుద్దులకే రంగు బయటపడవచ్చు, కాబట్టి అంచుల వెంబడి తక్కువ జిగురున్న మాస్కింగ్ టేపు అంటించండి. పని జరిగే భాగాన్ని ఐదవ మెట్టు ప్రకారం పూర్తిగా శుభ్రం చేసి ఉండాలి. దుమ్ముమీద పాలిష్ పడితే మొత్తం పని తలకిందులవుతుంది.

మెత్తని ఫోమ్ మెత్తమీద బఠాణీ గింజంత పాలిష్ వేసుకుని, 20 సెంటీమీటర్ల చదరం మించని భాగంలో, తేలికపాటి ఒత్తిడితో, నిలువుగా కొన్నిసార్లు, అడ్డంగా కొన్నిసార్లు, సుమారు ఒక నిమిషం పాటు రుద్దండి. కొత్త మైక్రోఫైబర్‌తో తుడిచి, టార్చితో చూడండి. సగం తగ్గినా చాలనుకుని ఆపడమే తెలివైన పని. తిరిగే యంత్రాలు ఒకే చోట నిలిస్తే పుట్టే వేడికి పూత కాలిపోతుంది. వాటిని చేయితిరిగినవారికి వదిలేయండి.

మైనం గురించి చాలామంది అడుగుతారు. కార్నౌబా అనే బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకులనుంచి తీసే మైనం గాని, అటువంటి కృత్రిమ పూత గాని, ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలా పల్చగా రాస్తే ఉపరితలం జారుడుగా మారి గుడ్డ సులువుగా సాగుతుంది. తయారీ సంస్థ వద్దనకపోతే రాయవచ్చు, రాయకపోయినా పూతకు వచ్చే నష్టం లేదు. కార్లకు వాడే క్లీనర్ వ్యాక్స్‌లలో అరగదీసే పొడి కలిసి ఉంటుంది, వాటిని తీసుకోకండి. పెట్టెమీది పేరు అక్షరాల చుట్టూ, పలకల సందుల్లో మైనం తెల్లగా గడ్డకడుతుంది కాబట్టి అక్కడికి చేరకముందే ఆగండి. కొత్తగా పూత వేయించిన పెట్టెకైతే పూత పూర్తిగా గట్టిపడేవరకు, అంటే వేసినవారు చెప్పినన్ని వారాలు, ఏదీ రాయకూడదు.

తుడవడం కంటే ముందు చేయవలసినవి

నేరుగా ఎండ పడే చోట స్పీకరును ఉంచకండి. నల్లని పూత ఎండలో త్వరగా వేడెక్కుతుంది, అతినీలలోహిత కిరణాలు ల్యాకర్‌నూ దాని కిందున్న కలప రంగునూ మారుస్తాయి. చెర్రీ కలప కాలంతోపాటు ముదురుతుంది, వాల్‌నట్ వెలిసిపోతుంది. రెండు స్పీకర్లలో ఒకదానిమీదే ఎండ పడితే కొన్నేళ్ళకు అవి జత స్పీకర్లలా కనిపించవు. గ్రిల్ ఎప్పుడూ తగిలించే ఉంచినా దాని ఆకారంలో రంగు తేడా రావచ్చు.

గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య నిలకడగా ఉండేలా చూసుకోండి. తేమ మారుతూ ఉంటే పలకలు కొద్దిగా ఉబ్బి, తగ్గుతూ ఉంటాయి, ఆ కదలిక పలకల అతుకుల దగ్గర సన్నని గీతగా పూత మీదికి తేలుతుంది. దాన్ని ఏ పాలిషూ తీయలేదు.

స్పీకరుమీద ఏ వస్తువూ పెట్టకండి. పూలకుండీ కింద నీటి వలయం ఏర్పడుతుందని అందరికీ తెలుసు గాని, రబ్బరు కాళ్ళున్న చిన్న పరికరం కూడా అంతే ప్రమాదకరమని తెలిసినవారు తక్కువ. రబ్బరులోనూ మెత్తని ప్లాస్టిక్కులోనూ ఉండే మెత్తబరిచే రసాయనాలు మెల్లగా ల్యాకర్‌లోకి ఇంకి, ఎన్నటికీ పోని మచ్చ మిగులుస్తాయి. నైట్రోసెల్యులోజ్ పూతకు ఈ బెడద మరీ ఎక్కువ. స్టాండ్లమీద స్పీకరు కదలకుండా పెట్టే జిగురు ముద్దలకు బదులు, తయారీ సంస్థ సూచించిన మెత్తలను వాడండి. గదిలో సువాసన స్ప్రేలు, పురుగుల మందు కొట్టేటప్పుడు ఆ తుంపర్లు స్పీకర్లమీద వాలకుండా చూడండి. నేల తుడిచే కర్ర తగిలి అడుగుభాగం గీసుకుపోవడం అన్ని ఇళ్ళలోనూ జరుగుతుంది. స్పీకరు చుట్టూ ఒక జానెడు మేర చేత్తో తుడవమని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

చాలాకాలం వాడకపోతే గాలి ఆడే మెత్తని నూలు ముసుగు వేయవచ్చు. ముసుగును పెట్టెమీదుగా ఈడ్వకూడదు. ఇద్దరు చెరొకవైపు పట్టుకుని పైకి ఎత్తి తీయాలి. ప్లాస్టిక్ ముసుగు తేమను లోపల బంధిస్తుంది.

స్పీకరును కదిలించేటప్పుడు ఇద్దరు ఉండాలి. నూలు చేతి తొడుగులు నున్నని పూతమీద జారతాయి కాబట్టి శుభ్రమైన నైట్రైల్ తొడుగులు వేసుకోండి. గాలి బుడగల ప్లాస్టిక్‌ను నేరుగా పూతకు చుట్టకండి, బుడగల గుర్తులు పూతమీద అచ్చుపడతాయి. ముందు స్పీకరుతో వచ్చిన గుడ్డ సంచి గాని ఉతికిన మెత్తని దుప్పటి గాని తొడిగి, దానిమీద ప్లాస్టిక్ చుట్టండి. తొడిగేముందు పూతమీద దుమ్మును ఒకసారి ఊదండి, ఎందుకంటే ప్రయాణంలో పడే ప్రతి కుదుపుకూ ఆ గుడ్డ పూతమీద రుద్దుకుంటూనే ఉంటుంది. కొత్తచోట సంచి తీసిన వెంటనే, ఇంకేమీ చేయకముందే, టార్చి వెలుగులో నాలుగు పక్కలా చూసుకోండి. రవాణాలో గీత పడి ఉంటే అదే రోజు ఫొటో తీసి ఉంచుకోవచ్చు.